కాగితంపూల చెట్టు ఒక్కపొద్దు

రిటైర్మెంటుకు ముందు ఏడాది, చలికాలం చివర్లో, నన్ను చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పార్కులకు హార్టికల్చర్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గాని, పనంతా మట్టి, ఎరువు, కత్తిరింపు. నా పై అధికారి డిప్యూటీ డైరెక్టర్. ఆయన మొదటి తనిఖీలోనే అశోక్ నగర్‌లోని ఒక పార్కు గేటు పక్కనున్న కాగితంపూల చెట్టును చూపించి, ముళ్లు తప్ప పువ్వు లేదు, మళ్లీ నేను వచ్చేలోగా పూయకపోతే పీకించండి అన్నారు.

ఆ చెట్టు నాటింది స్వరూప. గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి వనపర్తి వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. తల్లి ఇంటి ముందరి చెట్టు నుంచి విరిచి తెచ్చిన కొమ్మకు హాస్టల్లో చోటు లేక, తోటమాలిని అడిగి అక్కడ పెట్టింది. పీకేస్తారని విని ఆమె ముఖం చిన్నబోయింది. నాకూ మనసొప్పలేదు.

మట్టి ముట్టుకోగానే జబ్బేమిటో తెలిసింది. అంతా బురద. పరీక్షకు ముందు ఆ చెట్టుకు నీళ్లు పోస్తే నౌకరీ వస్తుందని, ఆ పార్కులో కూర్చుని చదువుకునే పిల్లల్లో ఒక నమ్మకం పుట్టింది. సీసాలో మిగిలిన నీళ్లన్నీ దానికే. ఈ చెట్టును మేము అర్ధ సతతహరితం అంటాం. నీళ్లుంటే ఏడాదంతా ఆకు నిలుపుకుంటుంది, ఎద్దడి తగిలితే ఆకు రాల్చి పూతకొస్తుంది. కడుపు నిండా తాగుతున్న చెట్టుకు పూయాల్సిన అవసరమేముంది? నీళ్లు ఆపి ఎండగట్టడం ఒక్కటే మందు.

నీళ్లు పోయవద్దని బోర్డు పెట్టించాను. మరునాటికి బోర్డు కాళ్లు కూడా తడిసి ఉన్నాయి. అక్కడున్న వాళ్లకు శాస్త్రమంతా వివరించాను. చెవిటివాని ముందు శంఖమూదినట్టయింది. ఎల్లుండే పరీక్ష, ఇప్పుడాపితే ఎట్లా అని ఒకతను నన్నే నిలదీశాడు.

అప్పుడు స్వరూప అంది: "గట్ల చెప్తె ఇనరు సార్. చెట్టు ఒక్కపొద్దున్నదని రాయించుండ్రి. ఒక్కపొద్దున్నోళ్లకు ఎవరన్న ఎంగిలి నీళ్లు పోస్తరా?"

ఒక్కపొద్దంటే ఉపవాసం. బోర్డు మీద ఆ ఒక్క ముక్కే రాయించాను. ఆ తర్వాత అక్కడ చుక్క నీరు పడలేదు. ఆకులు పండి రాలడం మొదలైంది. స్వరూప రోజూ గేటు దగ్గర ఆగి, "సస్తదా సార్?" అని అడిగేది. చావదని ధైర్యం చెబుతూనే, ఆమె వెళ్లాక గోటితో బెరడు గీరి లోపల పచ్చగా ఉందో లేదో చూసుకునేవాణ్ణి.

డిప్యూటీ డైరెక్టర్ మళ్లీ వచ్చేసరికి చెట్టు ఎర్రగా విరగబూసి ఉంది. ఏం ఎరువు వేశారని అడిగారు. ఉపవాసం అన్నాను. ఆయన నవ్వలేదు గాని, ఉండనివ్వండి అని చెప్పి వెళ్లిపోయారు. స్వరూప ఆ పూల పక్కన నిలబడి వాళ్లమ్మకు వీడియో కాల్లో చూపిస్తుంటే నాకు ఎంతో సంతోషమేసింది.

నీళ్లు ఆపాలన్నది నా చదువు చెప్పింది. ఆపించింది మాత్రం ఆమె మాట. ఆ తర్వాత ఏ పార్కులో బోర్డు పెట్టాల్సివచ్చినా, ఆ సంగతిని అక్కడి జనం ఏ మాటతో చెప్పుకుంటారో ముందు కనుక్కుని, అప్పుడే రంగు డబ్బా తెరిపించేవాణ్ణి.