మా అత్త విన్న ఉత్తుత్తి కాపురం కథ

మా మేనత్త పోయినదని నేను బళ్ళో ఉండగా కబురు వచ్చినది. చెప్తున్న పాఠం ముగించి, సుద్దముక్క పెట్టెలో పెట్టి, ఇంటికి నడిచినాను. దారిలో ఎవరో పలకరిస్తే బదులు కూడా చెప్పినాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అట్లాంటిదాన్ని ఇది రాయవచ్చా అని సందేహిస్తూనే రాస్తున్నాను.

మదరాసులో చదువు ముగించి రాజపాళయం తిరిగి వచ్చినప్పటినుంచీ నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. మా ఊళ్ళో తెలుగు నోటి వరకే. అక్షరాలు అరవమే వస్తాయి. అత్తకూ అంతే. నేను మదరాసులో తెలుగు చదవడం నేర్చుకున్నాను కాబట్టి, నాకు టపాలో వచ్చే తెలుగు నవలలు ఆమెకు నేనే చదివి వినిపించేదాన్ని. మధ్యాన్నం భోజనాలయ్యాక ఆమె రాట్నం ముందర కూర్చునేది. కథ నచ్చకపోతే నూలు సన్నగా, వరసగా వచ్చేది. నచ్చితే తెగేది. తెగిన పోగులను దీపం తుడవడానికి ఒక బుట్టలో వేసుకునేది. కాలేజీలో నాకు నవలల గురించి చాలా చెప్పినారు గాని, ఈ కొలత ఎవరూ చెప్పలేదు. దానికి ఆమెకు రుణపడి ఉన్నాను.

యుద్ధం రోజుల్లో వచ్చిన ఒక నవలకు తెగినంత నూలు మరి దేనికీ తెగలేదు. గొప్ప పుస్తకమేమీ కాదు. మంచాన పడ్డ తాతకు తృప్తిగా ఉంటుందని, పట్నంలో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి, తనతో పనిచేసే అమ్మాయిని పెళ్ళామని చెప్పి ఊరికి తీసుకుపోతాడు. ఇద్దరూ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల్లా నటిస్తూ ఉంటారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. అత్త మాత్రం రోజూ పొయ్యి ఆర్పక ముందే పుస్తకం తెమ్మనేది.

ఆ అమ్మాయి వడ్డించే ఘట్టం వచ్చినప్పుడు, "నిలుపు పాపా," అన్నది. నా తల నెరుస్తున్నా ఆమెకు నేను పాపనే. "ఆ పిల్ల దొరికిపోతాది చూడు. వడ్డించేటప్పుడు వాని మొగం చూస్తా ఉంది. నిజం పెళ్ళాం మొగం చూస్తాదా? ఆకు చూస్తాది."

"ప్రేమ అత్తా," అన్నాను.

"ప్రేమ ఉండనీ. చారు చేతి మీద పోస్తాదే." నూలు తెగినది. "వాడూ అంతే. కూర అమృతమంటాడా? ఏ మొగుడంటాడు? ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలు లే, అనాల. అప్పుడు నమ్ముతారు జనం."

కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వినది. నా నవ్వు సగంలో ఆగినది. ఇవన్నీ ఆమెకు ఎట్లా తెలుసో నాకు తెలుసు.

మామ, అంటే ఆమె భర్త, సత్రపట్టిలో పొలం దగ్గర ఉండేవారు. సేద్యం కోసమని ఊరు అనుకునేది. నిజానికి వాళ్ళిద్దరికీ మాటలు నిలిచిపోయి చాలా ఏళ్ళయినది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. చుట్టాలు వస్తే మాత్రం కబురు పోయేది, ఆయన బండి కట్టుకుని వచ్చేవారు. అత్త ఆకు చూస్తూ వడ్డించేది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి "చాలు లే" అనేవారు. చుట్టాలు గడప దాటితే మళ్ళీ ఒక్క మాట ఉండేది కాదు. ఆయన చెప్పులు తొడుక్కుని బండెక్కేవారు.

మావాళ్ళ పెళ్ళిళ్ళలో కొత్త జంటను ముందుగా ఒక మంచి జోడీ కాళ్ళకు మొక్కిస్తారు. ఎవరింట్లో పెళ్ళైనా వీళ్ళిద్దరినే పక్కపక్కన నిలబెట్టేవారు. అట్లా ఒక పెళ్ళినుంచి వచ్చిన రోజు, పట్టుచీర మడతపెడుతూ అత్త అన్నది: "ఆ పిల్ల ఎంత నమ్మి మొక్కినాది పాపా. మా దీవెన దానికి తగులుతాదో లేదో."

నేను చీర రెండో కొస పట్టుకున్నాను.

ఆ నవల చివరి కాగితాలు అచ్చాఫీసులో అంచులు కోయకుండా మడతల్లోనే వచ్చినవి. కోయడానికి చాకు తీస్తే అత్త వద్దన్నది.

"ముగింపు నాకు తెలుసు లే. ఇద్దరికీ నిజంగానే ఇష్టం పుట్టినాదంటారు."

"అది నీకు నచ్చదా అత్తా?"

"నచ్చుతాది. అందుకే వద్దంటా ఉండా."

ఆ మధ్యాన్నం ఆమె నూలు ఒక్కసారీ తెగలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ మడతల్లోనే ఉన్నవి.

ఆమె పోయిన రోజు ఆడవాళ్ళు, "పుణ్యవతి, పసుపు కుంకుమతో పోయినాది, అట్లాంటి మొగుడు ఎవురికి దొరుకుతాడు," అని ఏడ్చినారు. మామ అరుగు మీద కూర్చుని, వచ్చినవారికి చేతులు జోడిస్తూ ఉన్నారు. ఆయన సరిగ్గా చేస్తున్నారా లేదా అని నేను చూస్తూ ఉన్నాను. అంతకుమించి నాలో ఏమీ కదలలేదు.

కర్మ ముగిసి చుట్టాలందరూ వెళ్ళిపోయినారు. వాకిట్లో బండి కట్టి ఉన్నది. మామకు ఆకు వేసి, అన్నం వడ్డించి, నేను నీళ్ళకోసం పెరట్లోకి పోయినాను. నేను చెంబుతో తిరిగి వస్తుంటే, మామ తల ఎత్తకుండా, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు లే," అన్నారు.

అక్కడ వడ్డించేవారు ఎవరూ లేరు. నా అడుగుల చప్పుడు విని అన్నారేమో. వినలేదేమో. నేను గడప ఇవతలే నిలబడిపోయినాను. ఆ చెయ్యి ఆకు మీద అట్లాగే ఉన్నది.