పెత్తరమాస మంగళవారమే

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద పండ్ల బండ్లవాళ్లకు జంగయ్య ట్రాలీ ఆటో వస్తేనే బేరం మొదలు. ముప్పై ఏళ్లుగా వాళ్లకు సరుకు దింపుతున్నాడు. మార్కెట్ కొత్తపేటలో ఉన్నప్పుడు కొత్తపేట నుంచి, బాటసింగారం పోయాక బాటసింగారం నుంచి. నల్గొండ పక్క పల్లె నుంచి భార్య సుమిత్రమ్మతో, చంటివాడైన కొడుకు కృష్ణతో వచ్చి సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో స్థిరపడ్డాడు. చదివింది మూడో తరగతి. బండి నంబర్లు నోటికి వచ్చుగానీ తేదీలతో ఎన్నడూ పని పడలేదు. ఫలానా అమాస, ఫలానా ఏకాశి, మార్కెట్ బంద్ ఉన్న నాడు, ఇవీ అతని రోజులు.

ఇందులో వింతేం లేదు. పాత రాతి శాసనాలు చూడండి, ఊళ్లకు ఊళ్లు దానమిచ్చిన రాజులు కూడా చంద్రుణ్ణి సాక్షిగా పెట్టుకునే ఇచ్చారు. గ్రహణం నాడనో, పున్నమి నాడనో చెక్కించారు. తిథితో రోజు చెప్పినందుకు వాళ్లనెవరూ అబద్ధాలకోరులనలేదు. జంగయ్యను అన్నారు. మర్యాదగానే అన్నారు, ఇంగ్లీషులో, టైపు చేసిన కాగితం మీద.

కృష్ణ పెద్దవాడై ఎల్.బి.నగర్‌లో ఒక ప్లాట్ల వ్యాపారి దగ్గర కారు డ్రైవరయ్యాడు. ఒక మంగళవారం సాయంత్రం అదే కారులో, కోచింగ్ నుంచి వస్తున్న ఒక పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లారు. నాదర్‌గుల్ అవతల తోటగదిలో ఉంచి తండ్రిని యాభై లక్షలు అడిగారు. గురువారానికి పోలీసులు పిల్లవాణ్ణి క్షేమంగా తెచ్చారు. వ్యాపారి బావమరిదీ, అతని స్నేహితులిద్దరూ దొరికారు. కారు నడిపినవాడు మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. ఆ కారుకు డ్రైవరు కృష్ణ. కృష్ణ ఫోను ఆ రెండు రాత్రులూ నాదర్‌గుల్ టవర్ కిందే ఉంది. ఇంకేం కావాలి? నాలుగోవాడు కృష్ణేనన్నారు.

నిజానికి సోమవారం రాత్రి తాళాలు ఆ బావమరిది చేతిలో పెట్టి, చార్జింగులో ఉన్న ఫోను కారులోనే మరిచి, కృష్ణ తండ్రితో ఊరి బస్సెక్కాడు. మంగళవారం మధ్యాహ్నం తాత పేరు మీద పూజారికి బియ్యమిచ్చారు. ఆ రాత్రి కూడా ఊళ్లోనే ఉన్నారు. ఆ ఏడు పెత్తరమాస, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, మంగళవారం పొద్దెక్కాక వచ్చి బుధవారం పొద్దెక్కేదాకా ఉంది. పెద్దలకిచ్చేది మధ్యాహ్నం వేళ అమావాస్య ఉన్న నాడే. అందుకే పూజారి మంగళవారం రమ్మన్నాడు. గోడ క్యాలెండర్‌కు మధ్యాహ్నాలతో పనిలేదు. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసుకుని బుధవారం గడిలో నల్ల సున్న వేసింది.

ఎల్.బి.నగర్ కోర్టు బోనెక్కి జంగయ్య ధీమాగా చెప్పాడు: "పెత్తరమాస నాడు మావోడు నాతోని ఊర్లనే ఉన్నడు సార్. మా నాయిన పేరు మీద బియ్యమిచ్చినం."

తేదీ కన్నా ఇది గట్టి మాట అనుకున్నాడు. చచ్చిపోయిన తండ్రి పేరెత్తి ఎవడు అబద్ధమాడతాడు?

ప్రభుత్వ వకీలు ఆ ఏటి క్యాలెండర్ తెరిచాడు. "నల్ల సున్న ఏ వారం కింద ఉంది?"

"బుధవారం, సార్. గానీ మేము..."

"అమావాస్య బుధవారమేనా, కాదా?"

"బుధవారమే. గానీ ఇచ్చుడు..."

"అడిగినదానికే జవాబు చెప్పాలి. బుధవారమే. చాలు."

కృష్ణ తరఫు అప్పటి వకీలు మళ్లీ లేచి ఆ "గానీ" ఏమిటో అడగలేదు. అడగాలని ఆయనకు తెలియదు. కృష్ణకు యావజ్జీవం పడింది.

హైకోర్టులో అప్పీలు వేసిన వకీలు త్రినాథరావుది దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద ఆఫీసు. గుంటూరు వైపు మనిషి. నాలుగేళ్లు వంతు కోసం చూసి, అప్పీలు విచారణ దగ్గర పడ్డాక కింద కోర్టు తీర్పులో జంగయ్య సాక్ష్యం గురించిన పేరా చదివి తెలుగులో చెప్పాడు. తండ్రి సాక్ష్యం బుధవారం గురించి, నేరం మంగళవారం. పైగా పిల్లవాణ్ణి దాచి, కారు తోటలో వదిలి, మర్నాడు ఏమీ ఎరగనట్టు ఊరికి చేరడానికి వీలుంది.

జంగయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే నా మాటతోనే వానికి శిక్ష పడ్డదా సార్?"

"మీ మాట ఒక్కటే కాదండీ. ఫోనుంది, కారుంది."

"పూజారి రమ్మన్నది మంగళారమే సార్, బియ్యమిచ్చింది గానాడే. నేనొచ్చి చెప్త. గా పెద్ద జడ్జిసాబుకు నేనే చెప్త. రెండు నిమిషాలు సాలు."

"అక్కడ సాక్షులు మాట్లాడరు జంగయ్య గారూ. కింద కోర్టులో రాసుకున్న కాగితాలే మాట్లాడతాయి. కొత్త సాక్ష్యం తీసుకోమని పిటిషనేద్దాం. ఆ పూజారి వస్తాడా?"

"నిరుడు సచ్చిపోయిండు సార్."

త్రినాథరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పూజారి కొడుకు సంతకంతో, పాత పంచాంగం నకలుతో పిటిషన్ వేశాడు.

హైకోర్టుకు పోయే రోజు బొప్పాయి బండి బాల్‌రాజ్ కేకేశాడు. "ఏంది జంగన్నా, ఇస్త్రీ అంగి! పెండ్లిచూపులా?"

"సుప్ కూసో రా," అన్నాడు జంగయ్య. నవ్వాడు కూడా. ఆ పొద్దున అతనికి ఆశ ఉంది.

కోర్టు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంగ్లీషు జోరుగా సాగింది. మధ్యలో తన పేరు వినిపించింది, తర్వాత 'వెన్స్‌డే' అని రెండుసార్లు. ఆ ముక్క తెలుసు. కాళ్లు వాటంతటవే ఒక అడుగు ముందుకు పడ్డాయి. నోరు తెరిచాడు. జవాను వేలు పెదవి మీద పెట్టి చూశాడు. జంగయ్య వెనక్కి జరిగాడు.

బయటికొచ్చాక త్రినాథరావు చెప్పాడు. "కింద కోర్టు విచారణప్పుడు పూజారి బతికే ఉన్నాడా అని అడిగారండీ. ఉన్నాడన్నాను. మరప్పుడే ఎందుకు పిలవలేదన్నారు."

"మనకు తెల్వక."

"అది కారణం కిందకి రాదండీ."

పిటిషన్ కొట్టేశారు. మూడు వారాలకు అప్పీలు కూడా కొట్టేశారు. పైన సుప్రీం కోర్టుందని త్రినాథరావు అన్నాడు. జంగయ్య కళ్లలోకి చూడకుండా అన్నాడు.

ఆదివారం పదకొండింటికి జైలు నుంచి ఫోను వస్తుంది. ఐదు నిమిషాలు. సుమిత్రమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూచుంది. అప్పీలు పోయిన సంగతి జంగయ్య ఆమెకు ఇంకా చెప్పలేదు. మోగగానే ఎత్తింది.

"ఏం తిన్నవ్ బిడ్డా? దగ్గు తగ్గిందా? గా దవాఖాన డాక్టరు చూసిండా?" మూడు నిమిషాలు దగ్గుకే పోయాయి. "మీ నాయినకిస్తున్నా."

"నాయినా, ఏమైంది?"

జంగయ్య గోడ వైపు తిరిగాడు. భార్య మొహంలోకి చూస్తూ చెప్పలేడు.

"కొట్టేసిన్రు రా, కొడుకా."

అవతల ఎవరిదో దగ్గు, తలుపు చప్పుడు. వెనక సుమిత్రమ్మ, "ఏం కొట్టేసిన్రు? ఎవల్ని కొట్టిన్రు? ఏందయ్యా?" అంటూ లేచింది.

"నాయినా, నువ్వు ఈసారన్నా మంగళారం అని చెప్పలేదా?"

"చెప్పనీయలేదు రా. చెప్పబోయిన..."

ఫోను కట్టయింది. ఐదు నిమిషాలు అయిపోయాయి. తిరిగి చేయడానికి ఆ నంబరు కలవదు. మళ్లీ ఆదివారం దాకా ఆగాలి. సుమిత్రమ్మ అతని అంగీ పట్టుకుని గుంజుతూ అడుగుతూనే ఉంది. జంగయ్య ఆమెకు ఏ రోజు నుంచి చెప్పుకు రావాలో తెలియక, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు.