పుచ్చిన మాను కింది తల్లి

వాన వెలిసిన మర్నాడు కేంబ్రిడ్జ్‌లో పుచ్చిన మేపుల్ మానుల నుంచి వచ్చే వాసన, పుట్టగొడుగులూ తడిసిన గోనెసంచీ కలిసినట్టుండే ఆ చెమ్మ వాసన ముక్కుకు సోకితే చాలు, ఇప్పటికీ నేను దారి మార్చుకుంటాను.

మేం గుంటూరు నుంచి వచ్చిన మొదటి వేసవి. నాకు తొమ్మిదేళ్లు. నాన్నా అమ్మా షిఫ్టులకు పోతే పక్కింటి మార్గరెట్ ఆంటీ నన్ను చూసుకునేవారు. ఇంటి వెనక అడవిలో, దోమలు ముసిరే నీడలో, ఆవిడ ఓ పడిపోయిన మానును కొంచెం ఎత్తి చూపించారు. వేలెడు పొడవు, వీపున ఇటుకరంగు చార, చిన్న ద్రాక్షగుత్తిలా వేలాడే గుడ్లను చుట్టుకుని పడుకున్న సాలమండర్, బల్లిలా కనిపించే కప్పల చుట్టం. దానికి ఊపిరితిత్తులే ఉండవట, తడి చర్మంతోనే గాలి పీలుస్తుందట. వాన పడితే బయటికొచ్చి చీమల్నీ పురుగుల్నీ తినే ఆ ప్రాణి, గుడ్లు పెట్టాక మాత్రం వారాల తరబడి దాదాపు పస్తుంటూ కాపలా కాస్తుందట, అది లేకపోతే గుడ్లు బూజు పడతాయట. ముట్టుకోవద్దని కూడా చెప్పారు. చెప్పింది విన్నాను గానీ నా బుర్రకెక్కలేదు.

మూడో రోజు ఒక్కదాన్నే వెళ్లి మాను ఎత్తాను. చెయ్యి జారి అది సాలమండర్ మీద పడింది. తోక తెగి పక్కన పడి గిలగిల్లాడింది. మా ఇంట్లో ఏ దెబ్బకైనా ఒకటే మందు. మోకాలు చీరుకుపోయి ఏడుస్తూ వస్తే అమ్మ "పసుపెట్టా కదే, పొద్దుటికల్లా తగ్గిపోద్ది, ఏడవమాక" అనేది, నిజంగానే తగ్గేది. పరుగున పోయి పోపుల డబ్బాలోంచి గుప్పెడు పసుపు తెచ్చి, మేలు చేస్తున్నానన్న ఉత్సాహంలో తెగినచోటే కాదు, దాని ఒళ్లంతా అద్దేశాను. ఆ తోక దానంతటదే మళ్లీ మొలుస్తుందని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది.

మర్నాటికి ఎండి బిగుసుకుపోయి ఉంది, గుడ్ల చుట్టూ అలాగే. ఊపిరాడకుండా చేసింది నేనేనని అక్కడే అర్థమైంది. విడదీసి, ఆకుల కింద పూడ్చాను. వారం తిరక్కుండానే గుడ్లకు తెల్లటి బూజు పట్టింది.

ఆంటీ వచ్చి చూసి, తల్లి ఏదని అడిగారు.

"నాకు తెలీదాంటీ, నేనసలు ఇటు రాలేదు" అన్నాను.

ఆవిడ అడవి సంగతులు రాసుకునే పుస్తకం తెరిచి, పైకి చదువుకుంటూ రాశారు: "తల్లి గుడ్లను వదిలేసి వెళ్లిపోయింది."

పాతికేళ్లయింది. ఆ అడవిని చదును చేసి ట్రక్కులు నిలుపుతున్నారు. ఆంటీ పోయారు, పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో ఆవిడ కూతురికీ తెలియదు. ఎక్కడో ఓ పేజీలో ఆ వాక్యం అలాగే ఉంటుంది. దాన్ని కొట్టేయమని ఎవర్ని అడగాలి? తోక తెగినా, ఊపిరాడకపోయినా అది అక్కణ్ణించి కదల్లేదు.