వలల షెడ్డు గోడ మీది ఎర్రగీత

మా ఆయన తాతాజీ పాతికేళ్లలో గోడ మీద వేసిన బొమ్మ ఒక్కటే. మిగతావన్నీ అక్షరాలు. పడవల మీద పేర్లు, కిరాణా కొట్ల బోర్డులు, ఎన్నికలొస్తే గోడల మీద నినాదాలు. రాజమండ్రిలో ఫ్లెక్సీ మిషన్లు దిగాక ఆ అక్షరాలు అడిగే నాథుడు కూడా లేకుండా పోయాడు. అయినా మనిషి మారితేనా! జేబులో రెండు బ్రష్షులు, చెవి మీద పెన్సిలు. దారిన కనపడ్డ ప్రతి బోర్డు దగ్గరా ఆగి "ఆ వత్తు చూడు, ఎంత దరిద్రంగా ఏడిసిందో" అని తిట్టడం. ఆయనతో కలిసి బజారుకి బయల్దేరితే ఇక తెల్లారినట్టే.

మాది గోదారి గట్టుకి దిగువన, నీటికి ఎదురుగా ఉన్న పేట. నలభై గడపలు, అందరిదీ చేపల బతుకే. పేట చివర నీటి ఒడ్డున వలలు దాచుకునే షెడ్డుంది. దాని తెల్లగోడ మీద అడ్డంగా ఒక ఎర్రగీత ఉండేది. ఎనభై ఆరు వరద తర్వాత మా ఆయన బాబాయి పోతురాజు గీసిన గీత అది. వరద నీరు ఆ గీతని తాకిందంటే ఇంకాసేపట్లో ఇళ్ల వెనక పల్లంలోకి నీరు తిరుగుతుంది. ఆ తర్వాత గట్టు మీదికి దారుండదు. టీవీలో ఏం చెప్పినా, ఫోన్లో ఏ మెసేజ్ వచ్చినా మా వాళ్లు ముందు గీత వైపు చూసేవారు. గీత తడిసిందా, పిల్లల్నీ గిన్నెల్నీ ఎత్తుకుని గట్టెక్కడమే.

బాబాయి పోయాక ఏటా జూన్‌లో ఆ గీతకి రంగు పూసే పని మా ఆయన మీద పడింది. ఎత్తు తప్పకుండా బాబాయి గోడకి అటొక మేకు, ఇటొక మేకు కొట్టి పోయాడు. దారానికి ఎర్రపొడి పట్టించి ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని, మేకుల మీద బిగించి లాగి వదిలితే టప్పుమని గీత పడేది. దాని మీద ఆయన బ్రష్షు నడిపేవాడు. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ రెండో కొస నాదే.

బాబాయి భార్య పాపాయే మా ఆయన్ని పెంచింది. ఆయనకి పిన్ని, నాకు చిన్నత్త. డెబ్బై దాటిన మనిషి, కళ్లలో శుక్లాలు, ఆపరేషన్ మాటెత్తితే ఆమడ దూరం పరుగు. మనుషుల్ని గొంతుని బట్టే గుర్తుపట్టేది. కానీ తన అరుగు మీద కూర్చుంటే ఎదురుగా తెల్లగోడ మీద ఎర్రగీత మాత్రం ఆవిడ కంటికి ఆనేది. ఒక ఏడు ఆఫీసర్లు ముందుగానే పేట ఖాళీ చేయించారు. వరద రాలేదు సరికదా, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇత్తడి బిందెలు లేవు. ఇక అప్పట్నుంచీ ఆవిడది ఒకటే మాట. "మీ బాబాయి గీతరా అది. అది తడిస్తేగానీ నేను అరుగు దిగను."

కిందటేడు జూన్‌లో రమ్యశ్రీ అని ఒక అమ్మాయి మా పేటకొచ్చింది. ఊళ్లో గోడల మీద బొమ్మలు వేసే పండగ పెట్టారట. హైదరాబాదు నుంచీ, వైజాగు నుంచీ ఆర్టిస్టులు వస్తున్నారట. పడవల మీద మా ఆయన అక్షరాలు చూసి వెతుక్కుంటూ వచ్చింది.

"అంకుల్, మీ చేతిలో లైన్ చాలా బాగుందండి. ఒక గోడ మీకిద్దామనుకుంటున్నాం. ఆ షెడ్డు గోడైతే బ్రిడ్జి మీంచి కూడా కనపడుతుందండి" అంది.

"నాకు బొమ్మలు రావమ్మా" అన్నాడు మా ఆయన. అబద్ధం. పాత క్యాలెండర్ల వెనక ఆయన పెన్సిలుతో వేసి దాచుకున్న బొమ్మలు ఒక ట్రంకుపెట్టెడు ఉన్నాయి. నాకు తెలీదనుకునేవాడు.

"మరి గీత సంగతేంటి?" అన్నాడు పేట పెద్ద అప్పారావు. "పండగవ్వగానే బొమ్మ మీదే మళ్లీ వేసేస్తానండి" అన్నాడు మా ఆయన. ఆ ముక్కతో పేట ఒప్పుకుంది. రమ్యశ్రీ కూడా సరేనంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

ముందు గోడంతా తెల్లరంగు వేశాడు. మర్నాటికి గీత పైకి తేలింది. రెండో కోటు వేశాడు, మళ్లీ లేతగా ఎర్రడాలు కొట్టింది. "ముండాది, చావట్లేదే!" అని నవ్వుతూ మూడో కోటు వేశాడు. అప్పటికి మాసిపోయింది. నాకెందుకో అది మంచిది కాదనిపించింది. పైకి చెప్తే వెక్కిరిస్తాడని ఊరుకున్నాను.

పది రోజులు తిండీ నిద్రా లేకుండా వేశాడు. వరద రోజుల ఎర్రనీరు, నడుం లోతు నీటిలో భుజాన వలతో ఒక పడుచు పిల్ల. పాత పెళ్లి ఫొటోలోంచి తీసిన మొహం, మా చిన్నత్తది. ఆ నీరు ఎంత బాగా కుదిరిందంటే, పడవలో దూరం నుంచి వచ్చేవాళ్లకి గోదారి ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. జనం ఎగబడి సెల్ఫీలు దిగారు. నేను మాత్రం ఆ నీటి వైపు చూడకుండా పక్కగా నడిచిపోయేదాన్ని.

చిన్నత్తని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. గోడంతా తడిమింది.

"ఎవర్రా ఇది?"

"నువ్వే పిన్నీ."

"సచ్చినోడా! నేనింత పొడుగున్నానా?" అని సిగ్గుపడి నవ్వింది. అంతలోనే నవ్వాపేసింది. "మరి గీతేదిరా?"

"రేపు వేసేస్తా పిన్నీ."

పండగ ముగిసింది. స్టేజీ మీద శాలువా కప్పి సర్టిఫికెట్ ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే దారం, ఎర్రపొడి పట్టుకుని ఇద్దరం షెడ్డు దగ్గరకెళ్లాం. ఆ మేకుకీ ఈ మేకుకీ దారం బిగించాం. దారం సరిగ్గా బొమ్మలో చిన్నత్త మెడ మీంచి వెళ్లింది.

నా చేతిలో కొస జారిపోయింది.

"హవ్వ! బతికున్న మనిషి పీక మీద ఎర్రగీత గీస్తావా? నీకు చెయ్యెలా వస్తుందయ్యా?" అన్నాను.

ఆయన కూడా దారం వదిలేశాడు. "మెడ దగ్గర ఆపి అటూ ఇటూ గీస్తానే."

"అప్పుడు తల వేరు, మొండెం వేరు చేసినట్టుండదూ? వద్దంటే వద్దు. నువ్వు గీస్తే నా మీద ఒట్టే."

ఆయన ఆ మెడ వైపు చూసి దారం చుట్టేశాడు. గీయకపోతే తప్పని తెలుసు. గీయడానికి చెయ్యి రావట్లేదు. నేను ఒట్టు పెట్టకపోతే గీసేవాడే. ఈ మాట ఆయన ఇప్పటిదాకా నాతో అనలేదు. నేనే అంటున్నాను.

పేటవాళ్లు రెండ్రోజులు అడిగారు. మేకుల్ని చూసుకోండని చెప్తే, సరేలే, మాకు కళ్లున్నాయిగా అన్నారు. చిన్నత్త మాత్రం వదల్లేదు. పొద్దున లేస్తే "సత్యవాణీ, గీత వేశాడా?", పొద్దు గూకితే "సత్యవాణీ, గీత వేశాడా?" నిజం చెప్పాలంటే మెడ సంగతి చెప్పాలి. పెద్దావిడకి ఆ మాట ఏ నోటితో చెప్పను? ఒకరోజు పొయ్యి మీద కూర మాడుతుంటే విసుగొచ్చి అనేశాను.

"వేశాడు చిన్నత్తా! ఈసారి రంగు లేత, అందుకే నీకు ఆనట్లేదు."

"అలాగా" అంది. ఇక మళ్లీ అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

జూలై మూడో వారంలో పైన వానలు దంచికొట్టాయి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. గోదారి రంగు మారిపోయింది, అచ్చం గోడ మీద నీటి రంగే. ఆ పొద్దున మా ఆయనకి కడియంలో ఒక నర్సరీ గేటు మీద పూలు వేసే పనుంది. బొమ్మ చూసి వెతుక్కుంటూ వచ్చిన మొదటి పని, కొలతల దారం కొస పట్టడానికి నేనూ వెళ్లాలి. నీరింకా మేకులకి బాగా కిందే ఉంది.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం చిన్నత్తా. ఈలోగా ఎవరైనా రమ్మంటే గట్టెక్కెయ్" అన్నాను.

"గీత తడవనీవే" అంది. అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను ఆటో ఎక్కేశాను.

పదకొండు గంటలకి అప్పారావు ఫోన్. "రెండో హెచ్చరిక కూడా ఇచ్చేశారు. నీళ్లు తోసుకొచ్చేస్తున్నాయి, తొందరగా రండి!" మేం గట్టు మీదికి చేరేసరికి పల్లం నిండిపోయింది. పేటంతా సామాన్లతో గట్టు మీదే ఉంది. ఒక్కొక్క మొహమే వెతికాను. చిన్నత్త లేదు. నలుగురు పడవేసుకుని ఆవిడ ఇంటికెళ్లారు. అరుగు మునిగిపోయి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.

అప్పారావు తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని చెప్పాడు. "నేను పిలిచానమ్మా. ముందు పిల్లల్ని ఎక్కించి వస్తానుండమన్నాను. వచ్చేసరికి కర్ర పొడుచుకుంటూ షెడ్డు వైపు పోతోంది. అటెక్కడికే అని అరిస్తే, 'రంగు లేతంటరా, నాకు ఆనట్లేదు, తడిసిందో లేదో చెయ్యిపెట్టి చూసొస్తా' అంది. నేను పరిగెత్తేలోపు పల్లంలోకి నీరొచ్చేసింది తల్లీ."

నేను నీటి వైపు తిరిగాను. ఎదురుగా షెడ్డు కనపడుతోంది. గోడ మీద ఆయన వేసిన నీరు కనపడటం లేదు. పడుచు పాపాయి మెడ దాకా గోదారి వచ్చి నిలిచింది. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు.

మూడో రోజున దిగువ లంకలో, తుంగలో దొరికింది. కుడిచేతి గోళ్లలో రంగుంది. గోడ రంగే అది.

నీరు తీశాక రమ్యశ్రీ వచ్చింది. నా పక్కన కూర్చుని ఏడ్చింది. బురద కడిగించి బొమ్మని మళ్లీ బాగుచేయిద్దామంది. "ఏమీ వద్దమ్మా" అన్నాడు మా ఆయన. లోపలికెళ్లి దారం, ఎర్రపొడి తెచ్చాడు. నా వైపు చూడకుండా ఒక కొస నా చేతికిచ్చాడు.

"పట్టుకో."

పట్టుకున్నాను. మేకుల మీద బిగించి లాగి వదిలాడు. టప్పుమంది. బ్రష్షు ముంచి ఈ చివర నుంచి ఆ చివరిదాకా, మెడ దగ్గర కూడా ఆగకుండా, ముదురు ఎరుపుతో గీశాడు.

పని అయ్యాక నేను చిన్నత్త ఇంటికెళ్లి అరుగు మీద బురద కడిగాను. ఆవిడ కూర్చునే చోట కూర్చుని, కళ్లు మసకబారేలా సగం మూసి షెడ్డు వైపు చూశాను. ఇంకేమీ ఆనలేదు, గీత మాత్రం కనపడింది.

"వేశాడు చిన్నత్తా" అన్నాను.