శెట్టి అంగడిలో తొలి ముద్ద

కోయిలకుంట్లలో లక్ష్మీనరసయ్య శెట్టిది బియ్యం అంగడి. కొత్త బియ్యం దిగిన రోజు అంగడిలోనే గుప్పెడు వండి, తొలి ముద్ద అంగడివాళ్లే పదిమంది ఎదుట తినాలి. తాత పెట్టిన పద్ధతి అది. అమ్మేవాడు తిన్నాకే కొనేవాడు సంచి పట్టేది. అయితే శెట్టికి షుగరొచ్చి, డాక్టరు అన్నం మాన్పించాడు. బియ్యం మూటల మధ్య కూర్చుని జొన్నరొట్టె నమిలే ఖర్మ పగవాడికి కూడా వద్దు! అప్పట్నుంచీ ఆ ముద్ద కొడుకు భూపేష్ వంతు.

ఆ భూపేష్ కాస్తా జిమ్ములో చేరాడు. కోచ్ ఈరేష్ ఏం నూరిపోశాడో గానీ, వీడికి ప్రొటీను దేవుడు, కార్బు దయ్యం. ఇంట్లో గుడ్డు పేరెత్తితే తల్లి సుందరలక్ష్మి చీపురు తీస్తుంది కాబట్టి, పొద్దున ఉలవలు, మధ్యాహ్నం పెసలు, రాత్రి శనగలు.

"ఎద్దుల దాణా అంతా ఈడే తింటాండాడు. రేపు ఈడ్నే మడకకు కట్టి దున్నిద్దాంలే!" అని ఆవిడ ఒకటే దెప్పుడు.

కండలు తేలాయి గానీ మొహం పీక్కుపోయింది. మిద్దె ఎక్కితే ఆయాసం.

కర్నూల్లో కండల పోటీ రేపనగా అంగడికి కొత్త బియ్యం దిగింది. కూతురి పెళ్లికి బియ్యం కొనాలని గోపన్న వచ్చి కూర్చున్నాడు. చుట్టూ జనం. పళ్లెంలో అన్నం పొగలు కక్కుతోంది.

"తినరా," అన్నాడు శెట్టి.

"నేను తినను నాయనా. అది కార్బు. రేపు స్టేజీ మీద పొట్ట కనపడ్తాది."

గోపన్న పళ్లాన్నీ కుర్రాణ్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం శెట్టీ, మీ పిల్లోడే విషాన్ని చూసినట్ల చూస్తాండాడు. మా పెండ్లోళ్లకు ఎట్ల పెట్టేదప్పా?"

"అయ్యో, బియ్యం బంగారం గోపన్నా!"

"అట్లయితే నువ్వే తిను."

అప్పటికే ఇద్దరు ఎదురంగడి వైపు నడిచారు. తాతల నాటి పేరు కళ్లముందే గంగలో కలుస్తోంది. శెట్టి పళ్లెం ముందుకు లాక్కున్నాడు. ముద్ద చేసి నోటిదాకా ఎత్తాడు.

"నాయనా, షుగరు!" అంటూ భూపేష్ ఒక్క దూకు దూకి, ఆ ముద్ద లాక్కుని తన నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. ఆగాడు. తర్వాత పళ్లెమే లాక్కున్నాడు. అబ్బ, ఏం తిండి అది! గిన్నె అడుగు కూడా గీకి, "ఇంగ లేదా?" అన్నాడు.

గోపన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "పది మూటలు కట్టు శెట్టీ!"

మర్నాడు పోటీలో భూపేష్‌కు మూడో బహుమతిగా కప్పు వచ్చింది. అన్నం పడేసరికి ఎండిన కండలు నిండుగా కనబడ్డాయట. ముందురోజు అన్నం తినమన్నది తానేనని ఈరేష్ ఊరంతా టాంటాం వేశాడు. సిగ్గుండాలి! ఆ కప్పుతోనే ఇప్పుడు శెట్టి మూటలోంచి మచ్చుకు బియ్యం తీసి బేరగాళ్లకు చూపిస్తున్నాడు.

ఇప్పుడు భూపేష్ అన్నంలో పప్పు కలుపుకుంటాడు. ఉడికిన ఉలవల్లో సగం తండ్రి వైపు జరుపుతాడు. "ఎద్దుల దాణా నాకెందుకురా," అని గొణుగుతూనే శెట్టి తింటాడు. కొడుకు పళ్లెం మీదినుంచి మాత్రం చూపు తిప్పడు.

"అన్నం ఎట్లుండాదిరా?" అని రోజూ అడుగుతాడు.