గడప దాటిన రిజిస్టర్

నిన్న నిజామాబాద్‌లోని మా ఆఫీసులో పాత ఫైళ్లను స్కానింగుకు పంపడానికి సంచుల్లోకి ఎత్తుతుంటే, ఒక అట్టపెట్టె అడుగున ఎండిపోయిన స్టాంపు ప్యాడ్ దొరికింది. మూత తీయగానే ఊదారంగు సిరా వాసన. అంతే. రజియా మేడం వెనక నిలబడి "టైమెంతైంది?" అని అడుగుతున్నట్టే అనిపించింది.

ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతి కోరుతూ వచ్చే దరఖాస్తులను, వాటిపై జనం ఇచ్చే అభ్యంతరాలను ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించే సీటు ఆమెది. కౌంటర్లో కూర్చునే నేను ఆమె కింద కొత్తగా చేరినవాణ్ణి. ఆమెకు రెండు పట్టింపులు. సాయంత్రం అయిదు కాగానే చివరి నంబరు కింద ఎర్రగీత గీసి సంతకం పెట్టేది. ఆ తర్వాత కలెక్టరు వచ్చి అడిగినా ఆ రోజు తేదీ దొరకదు. రెండోది, రిజిస్టర్ ఆఫీసు గడప దాటకూడదు. ఈ చాదస్తం చూసి నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి.

రెంజల్ దగ్గర చెరుకు చేల మధ్య స్పిరిటు ఫ్యాక్టరీ కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలకు ఆఖరి రోజున, మేడం మీటింగులో ఉండగా, సాయవ్వ అనే ముసలామె వచ్చింది. చెరుకు కొట్టమని చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే పర్చీ వెనక ఎవరిచేతో రాయించి, వేలిముద్ర వేసింది.

"మురికినీళ్ల గుంత మా బాయి పక్కకే తవ్వుతరట సారూ. గా నీళ్లే తాగుతం. ఖరాబైతే యాడికి పోవాలె?"

"పర్చీ మీద రాస్తే తీసుకోం అవ్వా. తెల్లకాగితం మీద రాయించుకొని రా," అన్నాను. ఆమె పర్చీని కొంగున ముడేసుకొని వెళ్లిపోయింది.

మేడం రాగానే ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"రేపు తెస్తే రేపటి నంబరే పడ్తది. గడువు ఇయ్యాల్టిదాంకనే గదా! నంబరేసుడు మన పని. గా కాయితం మంచిగున్నదా లేదా పైవాళ్లు సూసుకుంటరు. నడువ్, బండెక్కు."

అప్పటికే నాలుగుంబావు దాటింది. మేడం స్కూటీ నడుపుతుంటే, రిజిస్టర్ ఒళ్లో పెట్టుకొని ప్రాణాలు అరచేతిలో పట్టుకొని వెనక కూర్చున్నాను. బస్టాండులో రెంజల్ వైపు పోయే బోధన్ బస్సులు రెండున్నాయి. మొదటిదాంట్లో సాయవ్వ లేదు. రెండోది కదులుతుంటే మేడం వెళ్లి దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు తిడుతూనే ఉన్నాడు, మేము ఎక్కాం. కిటికీ పక్కన కూర్చున్న సాయవ్వ బెదిరిపోయి కొంగుముడి విప్పింది. ఆ సీటు మీదే రిజిస్టర్ తెరిచి నంబరు వేసి, రసీదు ఆమె చేతికిచ్చి, చివరి గడిలో 'బస్టాండులో స్వీకరించడమైనది' అని రాసింది మేడం. ఆఫీసుకు తిరిగొచ్చి సరిగ్గా అయిదింటికి ఎర్రగీత గీసింది.

రిజిస్టర్ బయటికి తీసుకెళ్లినందుకు ఆమెకు మెమో వచ్చింది. జవాబులో నా పేరు ఎక్కడా లేదు. సిగ్గుతో చచ్చిపోయి, ఎందుకు రాయలేదని అడిగాను.

"రిజిస్టర్ నువ్వు తీస్కపోయినవా? నేను తీస్కపోయిన. గంతే."

గడువులోపు అందిన కాగితం కాబట్టి అధికారులు వెళ్లి బావి చూశారు. ఫ్యాక్టరీకి అనుమతి ఆగలేదు గానీ, గుంతను బావికి దూరంగా జరపాలని షరతు పడింది.

మేడం ఇప్పుడు లేదు. ఆ సీటు నాది. అభ్యంతరాలు ఆన్‌లైన్లో వస్తున్నాయి. ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే, అది ఎలాంటిదైనా, కూర్చోబెట్టి నేనే ఎక్కిస్తాను. అయినా మనసు కుదురుగా ఉండదు. సాయవ్వ రాకముందు మూడు నెలలు ఆ కౌంటర్లో కూర్చున్నాను. తెల్లకాగితం తెమ్మని ఎందరిని పంపేశానో తెలియదు. ఈ సంచులన్నీ బోర్లించి వెతికినా వాళ్లు దొరకరు. వాళ్లకు నేను నంబరు వేయలేదు.