దారి అడిగే వెలిచ్కో

వెలిచ్కోకు దారి అడిగే జబ్బు ఉంది. తెలియని దారయితే ఎవరైనా అడుగుతారు. ఆయన తెలిసిన దారే అడుగుతాడు. జిల్లా రోడ్ల శాఖలో ఉద్యోగమంతా దారి చూపే బోర్డులు పాతుతూ గడిపిన మనిషి, తాను పాతిన బోర్డు కిందే వ్యాను ఆపి, "అమ్మా, వ్రాత్సాకు ఎటు పోవాలి?" అని అడుగుతుంటే అల్లుడు కాలొయన్ పక్క సీట్లో తల దించుకుని కూర్చుంటాడు. వెలిచ్కో పుట్టి పెరిగిన జిల్లాకు వ్రాత్సాయే పెద్ద ఊరు, ఆయన ఇల్లు ఉన్నదీ అక్కడే.

అడగడంతో సరిపెట్టినా బాగుండేది. చెప్పినవాళ్లు తప్పు చెప్పినా ఆయన అటే పోతాడు. "పాపం, ఆ పెద్దాయన మనవైపే చూస్తున్నాడు. ఇటు తిప్పితే ఏమనుకుంటాడు?" అంటాడు. ఒకసారి భార్య పన్ను పీకించడానికని బయల్దేరి సాయంత్రానికి డాన్యూబ్ ఒడ్డున తేలాడు. ఆవిడ దవడ పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. "నది బాగుంది కదూ" అన్నాడు ఈయన. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ మాట్లాడలేదు. పన్ను నొప్పి వల్లనేనని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.

అలాంటి మనిషితో స్పెయిన్ దాకా రోడ్డు మీద పోవలసి వచ్చింది. కాలొయన్ చిన్ననాటి స్నేహితుడు యాసెన్ వాలెన్సియా దగ్గర కమలా తోటల్లో పని చేస్తాడు. శనివారం అక్కడే అతని పెళ్లి. కాలొయన్ పెళ్లిపెద్ద. పెళ్లిపెద్ద వచ్చి పక్కన నిలబడితే గాని ఫాదర్ నోరు విప్పడు. పైగా రకియా సారా, ఉప్పునీళ్లలో ఊరిన చీజ్ డబ్బాలు, యాసెన్ తల్లి నేసిన రగ్గులు వెంట తేవాలి. అవేవీ విమానం ఎక్కే సరుకులు కావు. వెలిచ్కో వ్యాను తప్ప గతి లేదు. వ్యాను వస్తే వెలిచ్కో కూడా వస్తాడు.

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి కాలొయన్ వేలితో గీత గీశాడు. "సెర్బియా, క్రొయేషియా, స్లొవేనియా, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్. అంతా హైవేయే. గురువారం తెల్లవారి బయల్దేరి, ఒకరు నిద్రపోతే ఒకరు నడిపితే శుక్రవారం రాత్రికి చేరతాం."

వెలిచ్కో కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "హైవే మీద ఎవరుంటారు, అల్లుడూ?"

"ఎవరూ ఉండరు మామయ్యా. అందుకే దాన్ని కట్టారు."

"మరి దారి ఎవరిని అడుగుతాం?"

"ఫోన్ ఉంది కదా."

"ఫోన్‌దేముంది. మనం అడిగినా దానికొకటే, అడక్కపోయినా ఒకటే." ఆయన వేలు పల్లెల మీదుగా వంకర్లు తిరుగుతూ పోయింది. "ఇలా పోదాం. ఇక్కడ మనుషులుంటారు."

"మీకు ఇటాలియన్ రాదు."

"దారి అడగడానికి భాషెందుకయ్యా? ఊరి పేరు చెప్పి దీనంగా మొహం పెడితే చాలు."

"అక్కడివాళ్లు అవునంటే తల నిలువుగా ఊపుతారు. మన దేశంలో అలా ఊపితే కాదని కదా, మీరు అదే అనుకుని బండి వెనక్కి తిప్పుతారు."

"తిప్పితే ఇంకొకరిని అడుగుదాం."

పొయ్యి దగ్గరున్న కాలొయన్ భార్య నెద్కా తన తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మీరు చేరేది యాసెన్ పెళ్లికా, వాడి బిడ్డ బాప్తిస్మానికా?"

ఇలాగైతే స్నేహితుడి ముందు తలెత్తుకోలేనని కాలొయన్‌కు భయం పట్టుకుంది. వ్యాను తాళాలు అడిగి తీసుకోవాలి, మామయ్యను ఇంట్లో వదిలి తనొక్కడే పోవాలి. మాట నొప్పించకుండా ఎలా చెప్పాలన్నదే తేలడం లేదు. ఆదివారం చీజ్ డబ్బాల కోసం వెలిచ్కో చెల్లెలి ఊరికి పోయినప్పుడు చెబుదామనుకున్నాడు.

ఆ ఊరు కొండ మీద ఉంది. వెలిచ్కో పుట్టింది కూడా అక్కడే. అయినా కొండ కింద, ఒక్క పొగగొట్టమే పొగ వదులుతున్న పల్లెలో వ్యాను ఆపాడు. బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"అవ్వా, కొండ మీది ఊరికి ఎటు పోవాలి?"

ఆవిడ కర్ర ఊతంగా పట్టుకుని దగ్గరికి వచ్చింది. "పిండిమర దాటాక ఎడమకు తిరగొద్దు. అక్కడ కుక్కుంది."

"కరుస్తుందా?" అన్నాడు వెలిచ్కో బెదిరినట్టు. ఆ కుక్క పోయి చాలా ఏళ్లయిందని, మర కూలిపోయిందని ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు.

"కరవదు. మొరుగుతుంది. నువ్వు దాన్ని పలకరించకు."

కాలొయన్ గడియారం చూసుకున్నాడు. తాళాల మాట ఇవాళే ఎత్తాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

భోజనం కాగానే వెలిచ్కో చెల్లెలింట్లో కునుకు తీశాడు. అంతలో వ్యానుకు డీజిల్ పోయించుకు రావాలని కాలొయన్ ఒక్కడే కిందికి దిగాడు. తిరిగి వస్తుంటే ఆ ముసలమ్మ వ్యానును గుర్తుపట్టి, కర్ర అడ్డం పెట్టి రోడ్డు మధ్య నిలబడింది.

"బండి ఒక్కటే వచ్చిందేం? ఆ అబ్బాయేడి? చేరాడా?"

అరవై దాటిన మామగారినే అబ్బాయి అంటోందని అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "చేరాడవ్వా. నిద్రపోతున్నాడు. నేను ఆయన అల్లుణ్ని."

ముసలమ్మ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒకటడుగుతా, ఏమనుకోకు. మీ మామకు మతి నిలవదా?"

కాలొయన్ ఇంజన్ ఆపేశాడు.

"నెలనెలా వస్తాడు, నెలనెలా మర్చిపోతాడు. బంగారంలాంటి మనిషి, బుర్రే లేదు. అందుకే ఆదివారమైతే పొద్దున్నే లేచి ఉతికిన తలగుడ్డ కట్టుకుని ఇక్కడ కూర్చుంటా. నేను లోపలుండగా వచ్చి, చెప్పేవాళ్లు లేక వెనక్కి పోతే? నువ్వు మాత్రం వాణ్ణి కసరొద్దు. సిగ్గుపడతాడు."

"కసరను" అన్నాడు కాలొయన్. అతనికి నవ్వొచ్చింది. దాని వెనకే, బల్ల దగ్గర ఫోన్ చూపించి వాదించినందుకు సిగ్గూ వేసింది.

"నీకైనా తెలుసా దారి?"

తెలుసనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. "సరిగ్గా తెలియదు. చెప్పవ్వా" అన్నాడు.

ఆవిడ కుక్కతో సహా అంతా చెప్పి, ఈసారి కర్రతో వాగు వైపు చూపించింది. ఆ దారి కొండెక్కదు. కాలొయన్ అద్దంలో చూశాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. వ్యానును వాగు వైపే పోనిచ్చాడు.

అతను కొండ మీదికి చేరేసరికి వెలిచ్కో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇంతసేపేం చేశావు, అల్లుడూ?"

"దారి తప్పాను మామయ్యా."

"ఎవరినైనా అడగలేకపోయావా?"

"అడిగాను. అందుకే తప్పాను."

వెలిచ్కో తన గ్లాసు పక్కన ఇంకో గ్లాసు పెట్టి రకియా పోశాడు. కాలొయన్ తాళాలు తీసి ఆయన ముందు పెట్టి, యాసెన్‌కు ఫోన్ చేశాడు.

"గురువారం కాదురా, మంగళవారమే బయల్దేరుతున్నాం."

"ఏమైందిరా? వ్యాను పాడైందా?"

"వ్యాను బాగానే ఉంది. మాకే దారి తెలియదు. అడుగుతూ రావాలి."